నడిచే ఇసుక, నిలిచే ఓడ

కాకినాడ తీరానికి దూరంగా, సముద్రంలో, పెద్ద ఓడలు లంగరు వేసుకుని ఉంటాయి. రేవు కాలవలోంచి బార్జీలు బియ్యం బస్తాలతో బయలుదేరి వాటి పక్కకు చేరుకుంటాయి. ఓడ మీది క్రేన్లు బస్తాల మోపులను ఎత్తి సరుకు గదుల్లోకి దించుతాయి. లోపల హమాలీలు వాటిని వరసలుగా పేరుస్తారు. 30,000 టన్నుల సరుకు పట్టే ఓడ నిండాలంటే 50 కిలోల బస్తాలు 6 లక్షలు కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా మిల్లుల్లో ఆడిన ఉప్పుడు బియ్యం, నూకలు ఇలా ఓడెక్కి ఎక్కువగా వెళ్లేది పశ్చిమ ఆఫ్రికాకే.

మనం ఉప్మాకో కోళ్ల మేతకో వాడే నూకలకు సెనెగల్‌లో పెద్దపీట. ఫ్రెంచి వలస పాలకులు ఇండోచైనా నుంచి చవకగా నూకలు తెచ్చి అక్కడ అమ్మడంతో ఆ అలవాటు పడింది. చేప, టమాటా, కూరగాయలతో కలిపి వండే 'చెబుజెన్' అనే వాళ్ల జాతీయ వంటకానికి నూకలే తగినవని అక్కడి వాళ్ల నమ్మకం. 2021లో యునెస్కో ఆ వంటకాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. బెనిన్‌కు వెళ్లేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. కోటోనూ రేవులో దిగిన ఆ బియ్యంలో చాలా భాగం పక్కనున్న నైజీరియాకు చేరుతుంది. రోడ్డు సరిహద్దుల గుండా బియ్యం రాకూడదని నైజీరియా 2016లో ఆంక్ష పెట్టినా, 2019 ఆగస్టు నుంచి 2020 డిసెంబరు దాకా సరిహద్దులనే మూసేసినా ఆ దారి పూర్తిగా మూతపడలేదు.

ఈ బంధం ఎంత దగ్గరిదో 2022-23లో తెలిసింది. 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతిని ఆపింది. 2023 జులైలో బాస్మతి కాని తెల్ల బియ్యాన్నీ ఆపింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. ఢిల్లీలో వెలువడిన ఉత్తర్వు కాకినాడ హమాలీ కూలినీ, సెనెగల్‌లోని డాకర్ బజారులో బియ్యం ధరనూ ఒకేసారి తాకింది. సెనెగల్, గాంబియా వంటి దేశాలు అడగడంతో వాటికి కొంత కోటా ఇచ్చారు. తెల్ల బియ్యం మీద 2024 సెప్టెంబరులోనూ, నూకల మీద 2025 మార్చిలోనూ నిషేధం తొలగింది.

ఉత్తర్వులు వార్తల్లో కనిపిస్తాయి. బస్తా ధరను రోజూ, నిశ్శబ్దంగా నిర్ణయించేవి వేరే ఉన్నాయి. గాలిలోని నీటి ఆవిరి, తీరం వెంట నడిచే ఇసుక, రేవు బయట ఓడ నిలబడే రోజులు. ఈ అధ్యాయం ఆ మూడింటి గురించి. వాటిలోనూ ఇసుక గురించి ఎక్కువగా, ఎందుకంటే పశ్చిమ ఆఫ్రికా రేవుల చరిత్ర చాలావరకు ఇసుకతో జరిగిన పోరాటమే.

ఓడకు పట్టే చెమట

కాకినాడ నుంచి కోటోనూకు దగ్గర దారి ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి వెళ్లేదే. శ్రీలంక కిందుగా హిందూ మహాసముద్రాన్ని అడ్డంగా దాటి, గుడ్ హోప్ అగ్రాన్ని చుట్టి, అట్లాంటిక్‌లో పైకి రావాలి. మొత్తం సుమారు 7,700 నాటికల్ మైళ్లు. గంటకు 12 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్లే సరుకు ఓడకు ఎక్కడా ఆగకపోతే 26, 27 రోజులు పడుతుంది.

ఈ దారిలో ఓడ వేడి సముద్రంలో మొదలై, చల్లని సముద్రం తాకి, మళ్లీ వేడి సముద్రంలోకి వస్తుంది. బియ్యానికి అసలు గండం అక్కడే ఉంది. ఆరబెట్టిన బియ్యంలోనూ 13, 14 శాతం తేమ ఉంటుంది. ఆ తేమ కొద్దికొద్దిగా చుట్టూ ఉన్న గాలిలోకి చేరుతుంటుంది. వేడి గాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు, చల్లబడితే మోయలేక నీటి బొట్లుగా వదిలేస్తుంది. చల్లని మజ్జిగ గ్లాసు బయట పట్టే చెమట అదే. గాలి అలా నీరు వదలడం మొదలుపెట్టే ఉష్ణోగ్రతను మంచుబిందు ఉష్ణోగ్రత అంటారు.

గుడ్ హోప్ అగ్రం దగ్గర బయటి గాలి, నీరు చల్లబడగానే ఓడ ఉక్కు గోడలు, పైకప్పు చల్లబడతాయి. లోపల బియ్యం మాత్రం కాకినాడ వేడిని ఇంకా దాచుకునే ఉంటుంది. ఆ వెచ్చని, తేమగల గాలి ఉక్కుకు తగిలి నీరు కారుతుంది. నావికులు దీన్ని ఓడ చెమట అంటారు. బస్తాలు ఉక్కుకు నేరుగా ఆనకుండా వెదురు చాపలు, మందపాటి కాగితం పరిచేది ఇందుకే. ఇలాంటప్పుడు గాలి గొట్టాలు తెరిచి లోపలి తేమను బయటికి పంపాలి.

అక్కడి నుంచి గినియా సింధుశాఖలోకి వచ్చేసరికి పరిస్థితి తలకిందులవుతుంది. ఇప్పుడు బయటి గాలి వేడిగా, ఉక్కగా ఉంటుంది. బస్తాలు చల్లగా ఉంటాయి. ఈ సమయంలో గాలి గొట్టాలు తెరిస్తే బయటి ఆవిరి లోపలికి వచ్చి బస్తాల మీదే నీరై కూర్చుంటుంది. దాన్ని సరుకు చెమట అంటారు. మొన్న తెరవాల్సిన గొట్టాలను ఇవాళ మూసేయాలి. నియమం ఒక్కటే: బయటి గాలి మంచుబిందువు లోపలి దానికన్నా తక్కువగా ఉంటేనే తెరవాలి. లోపలి గాలిని కొలవడం కష్టమైతే, సరుకు కన్నా బయటి గాలి కనీసం 3 డిగ్రీలు చల్లగా ఉన్నప్పుడే తెరవాలని మరో నియమం ఉంది. దీనికి పురుగుల బెడద తోడవుతుంది. బియ్యంలో పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెడతారు. అవి గాలిలోని తేమతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి. ఆ వాయువు పని చేసినంతసేపు సరుకు గదులు మూసే ఉంచాలి. తేమకు తలుపులు తెరవాలి, పురుగుకు మూయాలి. ఏది ఎప్పుడన్నది నిర్ణయించే ఓడ అధికారి చేతిలో లక్షల మంది భోజనం ఉంటుంది.

సహజ రేవు లేని తీరం

ఇన్ని జాగ్రత్తలు పడి వచ్చిన ఓడకు ఎదురయ్యే తీరం ఎలాంటిది? ఘనా తూర్పు భాగం నుంచి టోగో, బెనిన్ మీదుగా నైజీరియాలోని లాగోస్ దాకా తీరం దాదాపు పడమర నుంచి తూర్పుకు గీత గీసినట్టు ఉంటుంది. సముద్రం ఒడ్డున సన్నని ఇసుక కట్ట, దాని వెనక ఉప్పుటేళ్లు, మడుగులు. ఓడ తలదాచుకునే లోతైన అఖాతాలు చాలా అరుదు.

అలల సంగతి మరీ చెప్పుకోదగ్గది. ఈ తీరంలో తుఫాన్లు దాదాపు రావు. అయినా ఒడ్డున పెద్ద అలలు ఏడాది పొడవునా విరుగుతూనే ఉంటాయి. అవి పుట్టేది ఇక్కడ కాదు. అంటార్కిటికాకు ఎగువన, దక్షిణ అట్లాంటిక్‌లో వీచే పెనుగాలులు వాటిని పుట్టిస్తాయి. ఒక శిఖరం తర్వాత మరొకటి రావడానికి 15 సెకన్లు పట్టే అలను తీసుకుందాం. లోతైన నీటిలో రెండు శిఖరాల మధ్య దూరం సుమారు 350 మీటర్లు ఉంటుంది. అలాంటి అలల గుంపు రోజుకు సుమారు 1,000 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే ఇవాళ టోగోలోని లోమే ఒడ్డున పడవను తిరగేసిన అల, 6 రోజుల కిందట 6,000 కిలోమీటర్ల అవతల వీచిన గాలి పని. దారిలో దాని శక్తి పెద్దగా తరగదు. చిన్న అలలు త్వరగా సద్దుమణిగిపోతాయి, పొడవైనవే ఇంత దూరం రాగలవు.

అందుకే 20వ శతాబ్దం తొలి దశకాల్లోనూ ఈ తీరంలో చాలాచోట్ల ఓడలు దూరంగా లంగరు వేసేవి. తీరం నుంచి సర్ఫ్ బోట్లు అనే తెడ్ల పడవలు వెళ్లి సరుకు తెచ్చేవి. అల విరిగే చోటును దాటడం ప్రాణాంతకమైన నైపుణ్యం. ఘనాలోని అక్రా ఒడ్డున గా జాతి, ఆ దేశపు పడమటి తీరంలో ఫాంటీ జాతి పడవవాళ్లు తరతరాలుగా ఈ పని చేశారు. లైబీరియా తీరపు క్రూ జాతివాళ్లు ఓడలెక్కి తీరమంతా సరుకు దింపేవాళ్లు. ప్రయాణికులను ఓడ మీది నుంచి 'మామీ చెయిర్' అనే చెక్క తొట్టిలో కూర్చోబెట్టి క్రేన్‌తో పడవలోకి దించేవాళ్లు. ఘనా కోకో కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా పండింది. ఆ గింజలు బస్తాల్లో, ఈ పడవల్లో, ఈ మనుషుల భుజాల మీదే సముద్రం చేరాయి. పశ్చిమ ఆఫ్రికా వాణిజ్యాన్ని కంపెనీల పేర్లతో చెప్పే పుస్తకాలు ఉన్నాయి. ఆ తెడ్లు వేసినవాళ్ల పేర్లు మాత్రం ఏ లెక్కల్లోనూ లేవు. వాళ్లకు ఈ అధ్యాయంలో ఒక పేరా దక్కడం న్యాయం.

మొదటి పరిష్కారం, విరిగే అలల అవతలి దాకా ఇనుప జెట్టీ కట్టడం. జర్మన్లు లోమేలో 1904లో అలాంటిది తెరిచారు. కానీ జెట్టీ కొస దగ్గరా ఓడ నిలబడలేదు, పడవలు తప్పలేదు. ఓడను ఒడ్డుకు ఆనించాలంటే సముద్రంలోకి రాతి గోడలు కట్టి, లోపల నీటిని శాంతపరచాలి. గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా) గవర్నర్ గోర్డన్ గుగ్గిస్‌బర్గ్ పూనికతో టకోరాడిలో 1928లో అలాంటి రేవు వచ్చింది. స్వతంత్ర ఘనా 1962లో టెమా రేవును తెరిచింది. దాంతో అక్రా పడవల కాలం ముగిసింది. టోగోకు లోమే రేవు 1968లో, బెనిన్‌కు కోటోనూ రేవు 1965లో వచ్చాయి.

గోడ కట్టిన ప్రతిచోటా అల లొంగింది. ఇసుక మాత్రం లొంగలేదు.

ఇసుక ఎలా నడుస్తుంది?

దక్షిణ-నైరుతి నుంచి వచ్చే అల ఈ తీరాన్ని సూటిగా కాక, కాస్త ఏటవాలుగా తాకుతుంది. నీరు ఒడ్డు మీదికి ఎక్కేటప్పుడు తూర్పు వైపుకు మొగ్గుతూ ఎక్కుతుంది. వెనక్కి జారేటప్పుడు వాలును బట్టి నేరుగా కిందికి జారుతుంది. నీటితో పాటు ఇసుక రేణువూ అంతే. ప్రతి అలకూ కొన్ని అంగుళాలు తూర్పుకు జరుగుతుంది. దీనికి తోడు, విరిగిన అలల నురుగు కింద తీరానికి సమాంతరంగా ఒక ప్రవాహం తయారై, తేలిన ఇసుకను అదే దిక్కుకు మోసుకుపోతుంది. రోజుకు వేల అలలు, ఏడాదికి 365 రోజులు. బెనిన్ సింధుశాఖ తీరం వెంట ఇలా తూర్పుకు నడిచే ఇసుక ఏటా సుమారు 5 లక్షల నుంచి 10 లక్షల ఘనపు మీటర్లు ఉంటుందని ఇంజనీర్ల అంచనా. ప్రపంచంలో ఇంత ఇసుక నడిచే తీరాలు కొద్దిగానే ఉన్నాయి.

ఈ నడకకు అడ్డంగా రాతి గోడ కడితే ఏమవుతుంది? గోడకు పడమట ఇసుక పోగుపడి తీరం సముద్రంలోకి పెరుగుతుంది. తూర్పున అలలకు ఆకలి తీరదు. పడమటి నుంచి రావాల్సిన ఇసుక రాదు, కానీ అల తన వంతు ఇసుకను పట్టుకుపోవడం మానదు. అక్కడ తీరం కోతకు గురవుతుంది. ఇది లాగోస్‌లో ముందుగా కనిపించింది. లాగోస్ మడుగు ముఖద్వారంలో ఇసుక మేట అడ్డుండటం వల్ల పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయేవి. 1908లో మొదలుపెట్టి రెండు వైపులా రాతి గోడలు కట్టారు. ముఖద్వారం లోతై, ఓడలు లోపలికి వచ్చాయి. 1920లలో అపాపా రేవు వెలిసింది. గోడకు పడమట లైట్‌హౌస్ బీచ్ పెరిగింది. తూర్పున విక్టోరియా ఐలాండ్ బార్ బీచ్ కొన్ని దశాబ్దాల్లోనే కిలోమీటరుకు పైగా వెనక్కి తగ్గింది. ఎన్నోసార్లు ఇసుక తెచ్చి పోశారు, పోసిన ఇసుకా తూర్పుకే నడిచిపోయింది. ఆఖరికి ఇప్పుడు ఎకో అట్లాంటిక్ పేరుతో సముద్రాన్ని పూడ్చి కొత్త నగరం కడుతూ, దాని ముందు 8.5 కిలోమీటర్ల రక్షణ గోడ తలపెట్టారు. కోత లాగోస్‌లో గోడ దగ్గర ఆగవచ్చు. గోడకు అవతల తూర్పున ఉన్న ఊళ్ల సంగతి ఇంకా తేలలేదు.

టోగోలో లోమే రేవు గోడకు తూర్పున, అనెహో పట్టణం దాకా తీరం కోతలో పడింది. రోడ్లు, ఇళ్లు, కొబ్బరి తోటలు పోయాయి. క్పెమే దగ్గర ఫాస్ఫేట్ ఎగుమతి జెట్టీకి కూడా ముప్పు వచ్చింది. కోటోనూ రేవుకు తూర్పున నగరంలోని పేటలు కొన్ని వందల మీటర్ల భూమిని కోల్పోయాయి. దీనికి మరో కారణం జతపడింది. 1965లో ఘనాలో ఓల్టా నది మీద అకోసోంబో ఆనకట్ట పూర్తయింది. తీరానికి ఇసుక అందించే పెద్ద నది ఆగింది. ఘనాకే చెందిన కేటా పట్టణం ఇప్పటికే కోత బాధ పడుతుండగా ఆ ఆనకట్ట పరిస్థితిని మరింత దిగజార్చింది. పైనుంచి వచ్చే ఇసుక ఆనకట్ట వెనక ఆగింది, పక్క నుంచి వచ్చేది రేవు గోడ దగ్గర ఆగింది. మధ్యలో ఉన్న బెస్తపల్లెలకు దిక్కు లేకపోయింది.

మన తూర్పు తీరంలోనూ ఈ సూత్రమే పని చేస్తుంది, దిక్కు మాత్రం ఉత్తరం. మద్రాసు రేవు కట్టాక దానికి దక్షిణాన ఇసుక చేరి మెరీనా బీచ్ విశాలమైంది, ఉత్తరాన తీరం కోతకు గురైంది. విశాఖపట్నం రేవు కట్టినప్పుడు ముఖద్వారంలో ఇసుక చేరకుండా జానస్, వెలెస్‌డన్ అనే రెండు పాత ఓడలను ముంచి, వాటిని అడ్డుకట్టగా వాడారు. ఆ అడ్డు దగ్గర చేరిన ఇసుకను తవ్వి నగరపు బీచ్‌లో పోసే పద్ధతీ అక్కడ ఉంది.

అబిజాన్ నేర్పిన పాఠం

ఇసుకతో తెలివిగా నెగ్గిన రేవు ఈ తీరంలో ఒకటి ఉంది. ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ నగరం ఎబ్రియే అనే లోతైన ఉప్పునీటి మడుగు ఒడ్డున ఉంది. ఆ మడుగుకూ సముద్రానికీ మధ్య సన్నని ఇసుక కట్ట. దాన్ని కోసి కాలవ తవ్వితే మడుగంతా రేవే. ఫ్రెంచివాళ్లు 1904లో పోర్ట్ బూయే దగ్గర కాలవ తవ్వారు. నడిచే ఇసుక దాన్ని కొద్దికాలంలోనే పూడ్చేసింది.

రెండోసారి స్థలం ఎంచుకునేటప్పుడు సముద్రపు అడుగును చూశారు. ఆ తీరానికి ఎదురుగా, ఒడ్డుకు చాలా దగ్గరలో, సముద్ర గర్భంలో లోతైన లోయ ఒకటి మొదలవుతుంది. దాన్ని స్థానికంగా 'అడుగులేని గొయ్యి' అని పిలుస్తారు. వ్రిడి అనే చోట కొత్త కాలవను ఆ లోయకు చేరువగా తవ్వి, నడిచే ఇసుక కాలవలోకి రాకుండా లోయలోకి జారేలా గోడలను అమర్చారు. సుమారు 2.7 కిలోమీటర్ల ఆ కాలవ 1950లో తెరుచుకుంది. ఇసుకను ఆపడానికి బదులు, అది పోవడానికి ఒక దారి చూపడమే అందులోని కీలకం. అబిజాన్ ఫ్రెంచి మాట్లాడే పశ్చిమ ఆఫ్రికాలో అతిపెద్ద రేవుగా ఎదగడానికి ఈ ఒక్క నిర్ణయం ఎంతగానో తోడ్పడింది. అయితే లోయలో పడ్డ ఇసుక తూర్పు తీరానికి తిరిగి రాదు. అక్కడా కొంత మూల్యం చెల్లించక తప్పలేదు.

నిలబడ్డ ఓడలు

లోతు సిద్ధమయ్యాక ఎదురయ్యే ప్రశ్న కాలం. ఓడ రోజుల లెక్కన అద్దెకు నడుస్తుంది. ఒప్పందంలో రాసుకున్న గడువులో సరుకు దించకపోతే రోజుకు ఇంతని డెమరేజి కట్టాలి. బియ్యం ఓడ విషయంలో ఇది మరీ బాధాకరం. వాన పడితే పైకప్పులు మూసేయాలి, పని ఆగుతుంది. కోటోనూ ప్రాంతంలో ఏడాదికి రెండు వాన కాలాలు. ఒకటి ఏప్రిల్ నుంచి జులై దాకా, మరొకటి సెప్టెంబరు నుంచి నవంబరు దాకా.

వాన ఒక్కటే కారణమైతే సర్దుకోవచ్చు. లోతైన కారణం గణితంలో ఉంది. ఒక రేవులో ఓడ ఆని సరుకు దించే చోటు, అంటే బెర్తు, ఒక్కటే ఉందనుకుందాం. ఓడలు ఒక క్రమం లేకుండా వస్తున్నాయి, దించే సమయం కూడా ఓడకో రకంగా ఉంది. సగటున ఒక్కో ఓడకు 5 రోజులు పడుతుంది. బెర్తు సగం కాలం మాత్రమే పనిలో ఉంటే, వచ్చిన ఓడ సగటున 5 రోజులు బయట వేచి ఉండాలి. బెర్తు 80 శాతం కాలం పనిలో ఉంటే నిరీక్షణ 20 రోజులు. 90 శాతమైతే 45 రోజులు. పనిలో ఉండే కాలం 80 నుంచి 90 శాతానికి పెరిగితే నిరీక్షణ రెట్టింపుకు మించింది. ఎందుకంటే ఓడ లేక ఖాళీగా గడిచిన రోజును దాచుకుని రద్దీ రోజున వాడుకోలేం. బెర్తులను నూటికి నూరు పాళ్లూ వాడుకుంటున్నామని గర్వపడే రేవు నిజానికి బారులు తీర్చే రేవు. మంచి రేవుకు కొంత ఖాళీ అవసరం. అది వృథా కాదు, సౌకర్యానికి చెల్లించే ధర. బెర్తులు పెరిగి, అన్ని ఓడలూ ఒకే వరసలో ఉండి, ఖాళీ అయిన బెర్తుకు ముందున్న ఓడ వెళ్తే ఈ బాధ చాలా తగ్గుతుంది.

ఈ గణితాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో లాగోస్ 1975లో చూపింది. చమురు ధరలు పెరిగి డబ్బు వచ్చిన నైజీరియా సైనిక ప్రభుత్వం బ్యారక్‌లు, రోడ్లు కట్టాలని 68 సరఫరాదారులతో 109 ఒప్పందాలు చేసుకుంది. కొన్న సిమెంట్ 1.6 కోట్ల టన్నులకు పైగా. లాగోస్-అపాపా రేవు ఏడాదికి దించగలిగింది 10 లక్షల నుంచి 50 లక్షల టన్నులు. అందరూ సరఫరా చేయరులే అన్న అంచనాతో ఇన్ని ఒప్పందాలు చేసుకున్నారు. అందరూ పంపారు. వందల ఓడలు లాగోస్ బయట లంగరు వేశాయి. ఒక దశలో 400 ఓడలకు పైగా వేచి ఉన్నాయని అప్పటి వార్తలు చెప్పాయి. డెమరేజి కోసమే పాత ఓడలను పంపినవాళ్లూ ఉన్నారు. ఆ బారులో మందులు, ఆహారం తెచ్చిన ఓడలూ చిక్కుకున్నాయి. ఒప్పందాల రద్దు, వ్యాజ్యాలు అమెరికా కోర్టుల దాకా వెళ్లాయి. సంతకానికి ముందు ఒక్క భాగహారం చేసి ఉంటే తప్పిపోయే ఉపద్రవం అది.

పెట్టెలు, లోతు

బియ్యం ఇంకా బస్తాల్లోనే వస్తోంది గానీ, మిగతా సరుకు చాలావరకు కంటైనర్లలోకి మారింది. కంటైనర్ ఓడ ఎంత పెద్దదైతే ఒక్కో పెట్టె రవాణాకు అంత తక్కువ ఖర్చు. కానీ పెద్ద ఓడకు లోతు కావాలి. చాలాకాలం పశ్చిమ ఆఫ్రికా రేవుల్లో ఆ లోతు లేదు. అందుకే 2011 నుంచి మేర్స్క్ కంపెనీ ఓడనే ఈ తీరానికి తగ్గట్టు తయారు చేయించింది. 'వాఫ్‌మాక్స్' అని పిలిచే ఆ 22 ఓడలు ఒక్కోటి సుమారు 4,500 కంటైనర్లను మోస్తూ, 13.5 మీటర్ల లోతులో ఇమిడేవి.

ఆ తర్వాత రేవులే లోతు పెంచుకున్నాయి. లోమేలో 2014లో కొత్త కంటైనర్ టెర్మినల్ వచ్చింది. పెద్ద ఓడలు అక్కడ పెట్టెలు దించితే, చిన్న ఓడలు వాటిని చుట్టుపక్కల రేవులకు చేరవేస్తున్నాయి. చిన్న దేశమైన టోగో అలా ఈ తీరానికంతా కూడలిగా మారింది. టెమాలో 2019లో 16 మీటర్ల లోతు గల టెర్మినల్ తెరిచారు. లాగోస్‌కు తూర్పున లెక్కి రేవును 2023 జనవరిలో ప్రారంభించారు. దాని లోతు 16.5 మీటర్లు. 2022 డిసెంబరులో ఎమ్మెస్సీ కంపెనీ ఈ తీరంలో అనేక టెర్మినళ్లు నడిపే బోలోరే ఆఫ్రికా లాజిస్టిక్స్‌ను 570 కోట్ల యూరోలకు కొన్నది. 2025లో 24,000 కంటైనర్ల తరగతి ఓడలను ఆసియా నుంచి పశ్చిమ ఆఫ్రికాకు నడపడం మొదలుపెట్టింది. 14 ఏళ్లలో ఓడ 5 రెట్లు పెరిగింది. లోతు పెరగడం మేలే. కానీ ప్రతి కొత్త లోతుకూ కొత్త గోడ, ప్రతి కొత్త గోడకూ తూర్పున కొత్త కోత ఉన్నాయని మరవకూడదు.

గేటు దాటాక

సరుకు ఒడ్డున దిగినంత మాత్రాన ప్రయాణం ముగియదు. మాలీ, బుర్కినా ఫాసో, నైజర్ దేశాలకు సముద్రం లేదు. వాటికి అబిజాన్, టెమా, లోమే, కోటోనూ, డాకర్ రేవులే గుమ్మాలు. అబిజాన్ నుంచి బుర్కినా రాజధాని వాగడూగుకు 1954లోనే రైలు చేరింది. మిగతా చోట్ల వెయ్యి కిలోమీటర్ల దాకా లారీలదే భారం. రాజకీయం మారితే ఆ దారీ మారుతుంది. 2023 జులైలో నైజర్‌లో సైనిక తిరుగుబాటు జరిగాక ఆర్థిక ఆంక్షలతో బెనిన్ సరిహద్దు మూతపడింది. మలన్‌విల్ దగ్గర లారీలు బారులు తీరాయి. నైజర్‌కు రావాల్సిన సరుకు లోమే నుంచి బుర్కినా మీదుగా, సాయుధ దళాల కాపలాతో, చుట్టుదారిన వెళ్లింది.

రేవు గేటు దగ్గరే దారి మూసుకుపోయిన అనుభవం లాగోస్‌ది. అపాపా రేవుకు వెళ్లే రోడ్ల మీద లారీలు రోజులు, ఒక్కోసారి వారాలు నిలిచిపోయేవి. డ్రైవర్లు, క్లీనర్లు లారీల కిందే పడుకునేవాళ్లు. 2021 ఫిబ్రవరిలో 'ఎటో' అనే పిలుపు విధానం పెట్టి, టైము ఇచ్చిన లారీనే రమ్మన్నారు. బెర్తుకు చెప్పుకున్న గణితమే గేటుకూ వర్తిస్తుంది. లారీలు ఇష్టం వచ్చినప్పుడు వస్తే బారు, వేళ ప్రకారం వస్తే ప్రవాహం.

లెక్కలోకి రావాల్సిన ఇసుక

రేవు కట్టేటప్పుడు తవ్వే మట్టికి, పోసే రాయికి, క్రేన్లకు, రోడ్లకు లెక్క వేస్తారు. గోడకు తూర్పున పోయే భూమికి ఎవరూ లెక్క వేయరు. ఎందుకంటే ఆ భూమి చాలాసార్లు మరో ఊరిది, మరో దేశానిది. లోమే గోడ దగ్గర ఆగిన ఇసుక బెనిన్‌కు చేరాల్సిన ఇసుక. ఓల్టా ఆనకట్ట ఘనాలో ఉంటే, దాని లోటులో కొంత మోసేది టోగో. ఇసుకకు సరిహద్దు తెలియదు, కానీ బడ్జెట్లకు తెలుసు. ఈ పొరపాటును గుర్తించి 2018లో ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో పశ్చిమ ఆఫ్రికా తీర దేశాలు ఒక ఉమ్మడి కార్యక్రమం మొదలుపెట్టాయి. బెనిన్ తీరంలో సముద్రం అడుగు నుంచి తవ్విన ఇసుకను ఒకేచోట పెద్ద దిబ్బగా పోసి, అలలే దాన్ని తూర్పుకు పరచుకునేలా వదిలారు. ఇసుక నడకను ఎదిరించకుండా దానికి మేత వేసే పద్ధతి ఇది. మంచి ప్రయత్నం. కానీ ప్రతి కొన్నేళ్లకూ మళ్లీ పోయాలి, మళ్లీ డబ్బు పెట్టాలి. ఆ డబ్బు కోత బాధితుల దేశం కాక, ఇసుకను ఆపిన రేవు ఇవ్వాలి. రేవు రుసుములో ఒక భాగం కింది తీరానికి చెందాలన్నది నా స్థిరమైన అభిప్రాయం.

ఈ మాట ఆఫ్రికా కోసం మాత్రమే చెప్పడం లేదు. కాకినాడ రేవును అలల నుంచి కాపాడుతున్నది హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిన ఇసుకతో పెరిగిన, సుమారు 16 కిలోమీటర్ల పొడవైన దిబ్బ అది. ఆ పక్కనే ఉత్తరాన ఉప్పాడలో తీరం ఏళ్ల తరబడి కోతకు గురవుతోంది. ఇళ్లు, గుళ్లు, రోడ్డు సముద్రంలో కలుస్తున్నాయి. గోదావరి మీది ఆనకట్టలు ఒండ్రును ఆపడం, హోప్ ఐలాండ్ పెరుగుతూ అలల దారిని మార్చడం, తీరంలోని నిర్మాణాలు – ఈ కారణాలన్నిటినీ శాస్త్రవేత్తలు చర్చించారు. మరోవైపు మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేటల్లో కొత్త రేవులు లేస్తున్నాయి. అవి రావాలి. ఉద్యోగాలూ ఎగుమతులూ పెరగాలి. అయితే ప్రతి రేవుకూ ఒక ఇసుక లెక్క ప్రజల ముందు ఉండాలి. ఏటా ఎంత ఇసుక ఏ దిక్కుకు నడుస్తోంది, గోడ ఎంత ఆపుతుంది, ఆగిన ఇసుకను అవతలికి ఎవరు చేరవేస్తారు, దానికి డబ్బు ఎవరిది? మీ ఊరి దగ్గర రేవు ప్రతిపాదన వచ్చి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలూ అడగండి. జవాబు అంకెల్లో వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.